పాత ఇల్లు బాగుచేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా? ముందు మీ వీధిని చూడండి

పాత కాలనీల్లో సొంత ఇల్లు ఉన్నవాళ్ల నుంచి నాకు తరచుగా వచ్చే ప్రశ్న ఇది. "సార్, నాన్నగారు కట్టిన ఇల్లు. నలభై ఏళ్లు దాటింది. అమ్మేద్దాం అనుకుంటున్నాం. నాలుగు డబ్బులు పెట్టి బాగుచేయిస్తే మంచి రేటు వస్తుందా?" ఈ రోజు దీని గురించే వివరంగా మాట్లాడుకుందాం.

ఒక విషయంతో మొదలుపెడతాను. పేర్లు చెప్పను. పద్మారావునగర్ వైపు ఒక ఇల్లు. నలభై అడుగుల ముఖం, అరవై అడుగుల లోతు, అంటే 267 గజాలు. నాన్నగారు 1978లో కట్టారు. ఆయన పోయాక అమ్మగారు ఒక్కరే ఉంటున్నారు. పెద్దబ్బాయి ఇక్కడే, చిన్నబ్బాయి డల్లాస్‌లో, అమ్మాయి వరంగల్‌లో. పెద్దబ్బాయి 14 లక్షలు పెట్టి షాబాద్ బండల మీద టైల్స్ వేయించారు, ఫాల్స్ సీలింగ్, మాడ్యులర్ కిచెన్ పెట్టించారు. కొనడానికి వచ్చినవాళ్లు ఇల్లంతా తిరిగి చూసి, "చాలా బాగుంది సార్, కానీ మేం కూల్చేసి కట్టుకుంటాం, గజం లెక్కనే మాట్లాడుకుందాం" అన్నారు. ఆ 14 లక్షలకు విలువ లేకుండా పోయింది. పైగా చెల్లెలు, "మమ్మల్ని అడక్కుండా పెట్టిన ఖర్చు మా వాటాలోంచి ఎలా తీస్తావు అన్నయ్యా?" అంది. ఇప్పుడు అన్నాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు.

ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "నేను చేసింది తప్పా సార్?" తప్పు అనను అండి. వరస తప్పింది, అంతే. ఆ వరస ఏంటో చెప్తాను.

ఒకటి: కొనేవాడు దేనికి డబ్బిస్తున్నాడు?

పాత కాలనీలో ఇల్లు కొనేవాళ్లు రెండు రకాలు. ఒకరు స్థలం కోసం వస్తారు. వాళ్లకు మీ ఇల్లు ఆస్తి కాదు, కూల్చడానికి పెట్టే ఖర్చు. రెండోవాళ్లు అందులో ఉండటానికి వస్తారు. వాళ్లు పై కప్పు, నీళ్లు, కరెంటు చూస్తారు.

మీ ఇంటికి ఎవరొస్తారో తెలుసుకోవడానికి పెద్ద సర్వే అక్కర్లేదు. మీ వీధిలో ఈమధ్య అమ్ముడుపోయిన నాలుగైదు ఇళ్లను గుర్తు చేసుకోండి. కొన్నవాళ్లు రంగులేసుకుని ఉంటున్నారా, లేక కూల్చి స్టిల్ట్ మీద అంతస్తులు లేపారా? ఎక్కువ ఇళ్లు కూల్చేసి ఉంటే, మీ ఇంటికీ అలాంటివాళ్లే వస్తారు. అప్పుడు లోపల పెట్టే ప్రతి రూపాయీ దండగే.

ఇక్కడ ఇంకో చిక్కుంది. స్థలం కోసం కొనేవాళ్లు కాగితం మీద ఉన్న గజాలకు కాదు, పర్మిషన్‌లో మిగిలే గజాలకు లెక్క వేస్తారు. రోడ్డు ఉండాల్సినంత వెడల్పు లేకపోతే, కొత్త ఇంటికి పర్మిషన్ ఇచ్చేటప్పుడు ముందు కొంత స్థలం రోడ్డుకి వదలమంటారు. నలభై అడుగుల ముఖానికి ఐదు అడుగులు వదిలితే 200 చదరపు అడుగులు, అంటే 22 గజాలు పోయినట్టే. ఆ లెక్క ముందే తెలిసి ఉంటే బేరంలో తడబడరు. అందుకే టేపు పెట్టి స్థలాన్ని కొలిపించండి. డాక్యుమెంట్‌లో ఉన్న హద్దులకీ నేల మీద ఉన్న గోడకీ తేడా ఉంటే అది మీకే ముందు తెలియాలి.

రెండు: రిపేర్ల కంటే ముందు కాగితాలు

గోడకి తేమ ఉంటే బేరంలో కొంత తగ్గిస్తారు. కాగితంలో లోపం ఉంటే బేరమే ఆగిపోతుంది.

నాన్నగారు వీలునామా రాయకుండా పోయారు, ఇల్లు ఆయన స్వార్జితం అనుకుందాం. హిందూ వారసత్వ చట్టం 1956 ప్రకారం భార్యకీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమాన వాటా. నాన్నగారి తల్లి బతికి ఉంటే ఆవిడకీ ఉంటుంది. నేను చెప్పిన ఇంట్లో నలుగురికీ తలా పావు వంతు. "పెళ్లికి కట్నం ఇచ్చాం కదా, చెల్లికి ఇంకేం ఉంటుంది" అంటారు చూడండి, ఆ మాట రిజిస్ట్రేషన్ ఆఫీసులో చెల్లదు. ఆమె తన వాటా వదులుకోవాలనుకుంటే అది రిజిస్టర్ చేసిన పత్రంతో జరగాలి, అదీ ఆమె ఇష్టంతో. లేకపోతే నలుగురూ సంతకం పెట్టాలి.

మునిసిపల్ పన్ను రసీదు పెద్దబ్బాయి పేరు మీద ఉంది కాబట్టి ఇల్లు ఆయనదే అనుకోవడం ఇంకో పొరపాటు. పన్ను రికార్డులో పేరు ఉన్నంత మాత్రాన హక్కు రాదు.

కాబట్టి ఇవి దగ్గర పెట్టుకోండి: నాన్నగారి అసలు డాక్యుమెంటు, దానికి ముందటి లింకు డాక్యుమెంట్లు, ఈసీ, మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అప్పట్లో కట్టడానికి ఇచ్చిన పర్మిషను, ప్లాను. హౌసింగ్ బోర్డు ఇల్లయితే అలాట్‌మెంట్ లెటర్ ఒక్కటే చాలదు, బోర్డు రాసిచ్చిన సేల్ డీడ్ ఉండాలి. ఎప్పుడో తీర్చేసిన బ్యాంకు లోను ఉంటే, అది తీరినట్టు కాగితం తెచ్చుకోండి.

విదేశంలో ఉన్న వారసుడు రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ పంపిస్తారు. అది ఇండియా చేరాక మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ గడువు మర్చిపోయి మళ్లీ మొదటికొచ్చిన కుటుంబాలు ఉన్నాయి.

మూడు: ఏ రిపేరు చేయించాలి, ఏది వద్దు?

ఉండటానికి కొనేవాళ్లు వచ్చే వీధి అయితే ఖర్చు పెట్టొచ్చు. కానీ ఎక్కడ?

మొదటిది నీళ్లు. పాత స్లాబ్ కింద సున్నం పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపిస్తుంటే, పైన పుట్టీ కొట్టి రంగు వేస్తే ఒక్క వానకాలంలో బయటపడుతుంది. చిన్న సుత్తితో స్లాబ్‌ని తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన చోట వదులైన కాంక్రీటు తీసేసి, చువ్వల తుప్పు గీకి, తుప్పు పట్టని పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో పూడ్చాలి. చువ్వ బాగా సన్నబడితే మేస్త్రీ మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించాలి. పైన వాటర్‌ప్రూఫింగ్ ఎండాకాలంలో చేయించి, ఒక వాన చూశాకే లోపల రంగులు వేయించండి.

రెండోది కరెంటు. చాలా పాత ఇళ్లలో పింగాణీ ఫ్యూజులే ఉంటాయి, ఎర్తింగ్ సరిగా ఉండదు. ఒక ఫ్యాను, రెండు లైట్ల కోసం వేసిన వైర్ల మీద ఇప్పుడు ఏసీ, గీజరు నడుస్తుంటాయి. వైరింగ్ మార్చి ఎంసీబీలు, ఆర్‌సీసీబీ పెట్టించడం ముఖ్యం. ఇది అమ్మకం కోసమే కాదండి, అందులో అమ్మగారు ఉంటున్నారు కదా.

మూడోది పైపులు. పాత జీఐ పైపులు లోపల తుప్పు పట్టి పూడుకుపోతాయి. బాత్‌రూమ్ గోడకి అవతలి వైపు తేమ కనిపిస్తే, గోడ కాదు, పైపు చూడాలి.

ఇక వద్దనేవి. ఫాల్స్ సీలింగ్ వద్దు. స్లాబ్‌లో ఏదో దాస్తున్నారని కొనేవాళ్లకు అనుమానం వస్తుంది. మాడ్యులర్ కిచెన్ వద్దు, వాళ్ల వంటిల్లు వాళ్లే పెట్టుకుంటారు. వాస్తు మార్పులు అసలే వద్దు, కొనేవాళ్లు వాళ్ల సిద్ధాంతి గారిని తెచ్చుకుంటారు.

గోడలు తీసి హాలు పెద్దది చేయడం మరీ ప్రమాదం. ఆ కాలం ఇళ్లలో చాలా వాటికి పిల్లర్లు ఉండవు, గోడలే స్లాబ్‌ని మోస్తాయి. "ఈ గోడ తీసేద్దాం సార్" అని ఎవరన్నా, పైన ఏముందో చూడకుండా ఒప్పుకోకండి.

ఉన్నవాటిలో దాచుకోవాల్సినవీ ఉంటాయి. టేకు గుమ్మాలు, కిటికీలు, షాబాద్ బండలు, తాండూరు బండలు. వాటిని కప్పేయకండి, పాలిష్ చేయించండి. ఇల్లు కూల్చేవాళ్లకే అమ్మినా, కలపకి విడిగా ధర వస్తుంది. దాన్ని బేరంలో ముందే మాట్లాడుకోండి.

నాలుగు: కూల్చి స్థలంగా అమ్మితే మేలా?

"కొనేవాడు ఎలాగూ కూలుస్తాడు కదా, మనమే కూల్చి ఖాళీ స్థలం చూపిస్తే బాగుంటుంది" అంటారు కొందరు. పన్ను లెక్క చూడకుండా ఆ పని చేయకండి.

ఇల్లు అమ్మి ఇంకో ఇల్లు కొంటే, సెక్షన్ 54 అని మనందరికీ అలవాటైన నిబంధన కింద, వచ్చిన లాభం వరకు కొత్త ఇంట్లో పెడితే చాలు, పన్ను మినహాయింపు వస్తుంది. అమ్మడానికి ఏడాది ముందు గానీ, అమ్మాక రెండేళ్లలోపు గానీ కొనాలి. కట్టుకునేట్టయితే మూడేళ్లు. కానీ మీరు అమ్మింది ఖాళీ స్థలం అయితే వేరే నిబంధన, 54ఎఫ్ వర్తిస్తుంది. అక్కడ పూర్తి మినహాయింపు కావాలంటే లాభం కాదు, ఖర్చులు పోగా చేతికొచ్చిన మొత్తమంతా పెట్టాలి. ఇప్పటికే మీకు ఒకటి కంటే ఎక్కువ ఇళ్లు ఉంటే అది వర్తించదు. అంటే కూల్చే పని మీరు చేశారా, కొన్నవాళ్లు చేశారా అన్నదాన్ని బట్టి లక్షల తేడా రావచ్చు.

ఇంకో మాట. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తికి, ఆ రోజు విలువని కొన్న ధరగా తీసుకోవచ్చు. కానీ ఆ రోజు ఉన్న రిజిస్ట్రేషన్ విలువని మించకూడదు. నలుగురు వారసులు ఉంటే ఎవరి వాటా లాభం వాళ్లు చూపించుకోవాలి. విదేశంలో ఉన్న తమ్ముడి వాటా మీద కొనేవాళ్లు పట్టుకునే టీడీఎస్ మామూలు ఒక్క శాతం కాదు, చాలా ఎక్కువ. తక్కువ పట్టుకునేలా ఆదాయపన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, అది రిజిస్ట్రేషన్‌కి ముందే రావాలి. అడ్వాన్సు తీసుకోకముందే ఆడిటర్ గారి దగ్గర కూర్చోండి.

చివరగా

వరస ఇదీ. ముందు వారసులందరూ ఒకచోట కూర్చోవడం. ఎవరెంత ఖర్చు పెడతారు, అది ఎవరి వాటాలోంచి ఎలా తిరిగొస్తుంది అన్నది ఒక కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టడం. తర్వాత డాక్యుమెంట్లు, తర్వాత వీధి చూసి కొనేవాళ్లు ఎవరో అంచనా. ఆ తర్వాతే మేస్త్రీ.

ఈ మొత్తంలో అందరూ మర్చిపోయే ప్రశ్న ఒకటుంది. అమ్మ ఎక్కడ ఉంటుంది? నేను చెప్పిన ఇంట్లో ఆవిడకీ పావు వంతు ఉంది. ఆవిడ సంతకం లేకుండా ఇల్లు కదలదు. అయినా మూడు నెలల బేరాల్లో ఆవిడని ఎవరూ అడగలేదట. నేను పెద్దబ్బాయికి చెప్పింది ఇదే: "మీరు చెల్లెలికి ఫోన్ చేసేది 14 లక్షల గురించి అయితే ఆమె ఎత్తదు. అమ్మ గురించి మాట్లాడాలి అనండి, ఎత్తుతుంది."

వచ్చే ఎపిసోడ్‌లో, అమ్మకుండా బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇస్తే ఏం చూసుకోవాలో మాట్లాడుకుందాం. మీ ఇల్లు ఏ కాలనీలో ఉంది, ఎన్ని గజాలు, ఎప్పుడు కట్టింది, ఈ మూడూ రాసి పంపండి, వీలైనన్నిటికి జవాబు చెప్తాను.