వెంటిలేటర్ మీద నిమ్ము: అపోహలు – వాస్తవాలు

యాలాల్ పల్లెల్లో రాత్రివేళ కట్లపాము కాటేస్తే ముందు తాండూరు ఆసుపత్రికి, పరిస్థితి విషమిస్తే హైదరాబాద్‌కు పరుగెత్తాల్సిందే. ఆ విషం ఊపిరి తీసే కండరాలను చచ్చుబరుస్తుంది. ఊపిరితిత్తులు బాగున్నా వెంటిలేటర్ తప్పదు. నాలుగైదు రోజులయ్యాక డాక్టరు ‘నిమ్ము (న్యుమోనియా) చేరినట్టుంది’ అంటే ఇంటివాళ్లకు ఎన్నో అనుమానాలు.

అపోహ: మిషనే ఊపిరితిత్తులను పాడుచేసింది.
వాస్తవం: వెంటిలేటర్ కోసం నోటిగుండా శ్వాసనాళంలోకి గొట్టం వేసి 48 గంటలు దాటాక మొదలైన న్యుమోనియానే వెంటిలేటర్ న్యుమోనియాగా లెక్కిస్తారు. నోట్లో, గొంతులో ఊరే క్రిములున్న ద్రవం గొట్టం పక్కనుంచి లోపలికి జారుతుంది. దాన్ని దగ్గి బయటికి తెచ్చే శక్తి రోగికి ఉండదు.

అపోహ: ఎక్స్‌రేలో తెల్లమచ్చ ఉంటే నిమ్మే.
వాస్తవం: మంచం మీదే పడుకోబెట్టి తీసే ఎక్స్‌రే అంత స్పష్టంగా రాదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరినా, కఫం అడ్డుపడి కొంత భాగం ముడుచుకున్నా మచ్చ అలాగే కనిపిస్తుంది. కొత్త మచ్చతో పాటు జ్వరం, చీములాంటి కఫం, రక్తంలో తెల్లకణాలు (మైక్రోలీటరుకు) 12,000 దాటడం లేదా 4,000 కంటే తగ్గడం, ఆక్సిజన్ ఎక్కువగా పెట్టాల్సి రావడం వంటివి కలిస్తేనే అనుమానం బలపడుతుంది. ఏ ఒక్క పరీక్షా ఖాయంగా తేల్చలేదు.

అపోహ: కఫం కల్చర్‌లో (క్రిములను పెంచి చూసే పరీక్షలో) క్రిమి పెరిగితే జబ్బు ఉన్నట్టే.
వాస్తవం: గొట్టం వేసిన కొద్ది రోజులకే అందులో క్రిములు తిష్ఠ వేస్తాయి. న్యుమోనియా లేకున్నా అవి కల్చర్‌లో పెరుగుతాయి. అందుకే రిపోర్టును రోగి పరిస్థితితో కలిపి చూడాలి.

అపోహ: బ్రాంకోస్కోపీ (ఊపిరితిత్తుల్లోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) చేయకపోతే వైద్యం సరిగా జరగనట్టే.
వాస్తవం: కెనడా వైద్యులు వెంటిలేటర్ న్యుమోనియా అనుమానమున్న 740 మందిని పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించారు. బ్రాంకోస్కోపీతో నమూనా తీసినా, గొట్టంలోంచి కఫం లాగి పరీక్షించినా 28 రోజుల్లో మరణాలు దాదాపు సమానమే. కొందరికి మాత్రం బ్రాంకోస్కోపీ అవసరం పడుతుంది.

అపోహ: యాంటీబయాటిక్ ఎన్ని ఎక్కువ రోజులిస్తే అంత మంచిది.
వాస్తవం: అనుమానం గట్టిగా ఉంటే నమూనా తీసి వెంటనే మందు మొదలుపెడతారు. కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. అప్పుడు దాన్నిబట్టి మందు మార్చాలి, న్యుమోనియా కాదని తేలితే ఆపాలి. చాలామందికి వారం రోజుల కోర్సు చాలు. అవసరం లేకుండా వాడితే మొండి క్రిములు పెరుగుతాయి.

మీవాళ్లు ఐసీయూలో ఉంటే ‘పెద్ద మందు వేయండి’ అని పట్టుబట్టకండి. కఫం పరీక్షకు పంపారా, రిపోర్టు చూశాక మందులో ఏం మార్చారు అని అడగండి.