నీడలో ఆరేళ్లు

డేజాన్‌లో ఉద్యోగం చేసే నేను సెలవు దొరికితే గుమ్‌సాన్ వెళ్తాను. దక్షిణ కొరియాలో జిన్సెంగ్‌కు పేరుపడ్డ ఊరది. పొలాల నిండా ఒకవైపుకు వాలిన నల్లటి పందిళ్లే. అడవి చెట్ల నీడన పుట్టిన ఈ మొక్క నేరుగా ఎండ తగిలితే తట్టుకోదు.

నన్ను కదిలించేది ఆ రైతుల ఓపిక. నాలుగేళ్లకో ఆరేళ్లకో గానీ వేరు తవ్వరు. అన్నాళ్లూ కుళ్లు తెగులు భయమే. తవ్విన నేలలో వెంటనే మళ్లీ వేస్తే వేరు కుళ్లుతుంది, కాబట్టి ఏళ్ల తరబడి ఆ మడిని వేరే పంటలకు వదిలేస్తారు. 2018లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఈ సాగును ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఎంతో తగిన గౌరవం!

వేరును ఆవిరి మీద ఉడికించి ఎండబెడితే ఎర్ర జిన్సెంగ్. పచ్చి వేరునైతే బియ్యం, వెల్లుల్లి, ఎండు రేగుపళ్లతో కలిపి కోడిపిల్ల పొట్టలో కూరి, నడివేసవిలో పులుసు కాస్తారు.

జిన్సెంగ్‌లోని జిన్సెనోసైడ్లు అనే పదార్థాలు అలసట తగ్గిస్తాయంటారు. ఆధారాలు ఇంకా బలంగా లేవు. మందులతో పేచీ మాత్రం నిజం. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ ప్రభావాన్ని ఇది తగ్గించవచ్చు. హైదరాబాద్ నుంచి మా పెద్దమ్మ ఒక డబ్బా పంపమంది. ఆవిడ రోజూ వేసుకునేది ఆ మాత్రే. "వద్దు పెద్దమ్మా, ముందు డాక్టర్ గారిని అడుగు" అన్నాను.