తీగ కనిపించేలోపే...

విమానం ఎంత ఎత్తులో ఉంటే పైలట్‌కి అంత నిశ్చింత. ఏదైనా తేడా వస్తే సర్దుకోవడానికి కాస్త వ్యవధి దొరుకుతుంది. పొలాలకు మందు చల్లే విమానానికి ఆ వెసులుబాటు లేదు. పైరుకి దాదాపు 10 అడుగుల ఎత్తులో, గంటకు 200 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లాలి. అంటే సెకనుకి 55 మీటర్లు! ఎదురుగా కరెంటు తీగ ఉందని గుర్తించేలోపే తగిలేస్తుంది. బరువైన మందు ట్యాంకుతో చేను చివర మలుపు తిరిగేటప్పుడు వేగం మరీ తగ్గితే రెక్కలకు గాలి పట్టు తప్పుతుంది. తేరుకునేంత ఎత్తు ఉండదు.

1921లో అమెరికాలో మొదలైన పద్ధతి ఇది. హిందూపురానికి పొరుగునే ఉన్న బెంగళూరు కేంద్రంగా పనిచేసే హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కూడా ఇందుకోసమే 'బసంత్' విమానాన్ని రూపొందించింది. 39 తయారయ్యాక, 1980లో ఉత్పత్తి ఆగిపోయింది.

ఇప్పుడా పనికి డ్రోన్లు వచ్చాయి. నడిపే మనిషి నేలమీదే ఉంటాడు కాబట్టి కూలిపోతామన్న భయం లేదు. తీగలు మాత్రం అలాగే ఉన్నాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో బోరు మోటార్లకు వెళ్లే లైన్లు చేల మీదుగానే సాగుతాయి.

అందుకే డ్రోన్ ఎగరేసే ముందు చేనంతా ఓసారి నడిచి చూడాలి. దూరం నుంచి తీగ కనపడదు, స్తంభం కనపడుతుంది. రెండు స్తంభాలున్నాయంటే మధ్యలో తీగ ఉన్నట్లే లెక్క. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. ఒకవేళ డ్రోన్ తీగల్లో చిక్కుకుంటే కర్రతో లాగే సాహసం వద్దు. లైన్‌మన్‌కి కబురు చేసి, కరెంటు ఆపించాకే ఏదైనా. డ్రోన్ పోతే మరొకటి కొనుక్కోవచ్చు, ప్రాణం అలా కాదుగా!