గోగు నార తీసినట్టు: కుక్కర్‌లో పంది జబ్బ, పండగ మిగిల్చిన గోంగూర

పంది జబ్బ మాంసం మొండిది. బతికున్నన్నాళ్లూ ఒంటి బరువు మోసిన భాగం కాబట్టి కండ పోగుల చుట్టూ తెల్లటి పొరలు దట్టంగా అల్లుకుని ఉంటాయి. నేరుగా వేపుడుకు వేస్తే రబ్బరులా సాగుతుంది. అదే ముక్కను నీళ్లలో నిదానంగా ఉడికిస్తే వేళ్లతో లాగగానే పోగులు పోగులుగా విడిపోతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇలా విడదీసిన మాంసాన్ని ‘పుల్డ్ పోర్క్’ అంటారు. అక్కడ కట్టెల పొగ మీద రోజంతా పట్టే పని ప్రెషర్ కుక్కర్‌లో గంటకు అటూ ఇటూగా అయిపోతుంది. నవంబరు నాలుగో గురువారం వచ్చే థాంక్స్‌గివింగ్ పండగకు కాచి మిగిలిపోయిన క్రాన్‌బెర్రీ సాస్‌ను అక్కడి ఇళ్లలో ఈ వంటలోకి సర్దేస్తారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో క్రాన్‌బెర్రీ పండదు, పండలేదని బెంగపడ్డవాళ్లూ లేరు. కనుమ వెళ్లాక జాడీ అడుగున మిగిలే గోంగూర పచ్చడి ఆ పని అంతకంటే బాగా చేస్తుంది.

మాంసంలో దాదాపు ముప్పాతిక వంతు నీరే. మిగిలినదాంట్లో ఎక్కువ పాలు ప్రొటీన్లు, వాటిలో ఈ వంటకు ముఖ్యమైనవి రెండు తీరులవి. కండను కదిలించే మయోసిన్, యాక్టిన్ వంటివి 50 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గట్టిపడటం మొదలుపెట్టి, 70 దాటేసరికి బిగుసుకుపోయి లోపలి నీటిని పిండేస్తాయి. పొరల్లో ఉండే కొల్లాజెన్ దారి వేరు. అది మూడు పేటలు పేనిన తాడు. 60 డిగ్రీలు దాటాక ముడుచుకుంటుంది. 70 దాటాక మెల్లమెల్లగా పేటలు విడి, నీళ్లలో కరిగే జిలాటిన్‌గా మారుతుంది.

గోగు (గోంగూర) మొక్కల కట్టలను చెరువులో ఊరవేసి నార తీసే ఊళ్లకు ఈ సంగతి కొత్త కాదు. బెరడులో నార పోగులను అంటిపెట్టుకుని ఉండేది పెక్టిన్ అనే జిగురు. నీళ్లలోని సూక్ష్మజీవులు ఆ జిగురును తినేస్తే నార దానంతటదే విడివడుతుంది. అది ఊరకుండా లాగితే తెగుతుంది, మరీ ఊరితే నారే కుళ్లుతుంది. జబ్బ మాంసంలో పెక్టిన్ స్థానం కొల్లాజెన్‌ది, సూక్ష్మజీవుల స్థానం వేడిది. జిగురు కరగాలి, పోగు మిగలాలి. చెరువులో వారాలు పట్టేది పొయ్యి మీద గంటల్లో తేలుతుంది, తేడా అంతే.

ఇక్కడే ఒక పేచీ ఉంది. కండకు తక్కువ వేడి చాలు, కొల్లాజెన్‌కు ఎక్కువ వేడి ఎక్కువ సేపు తగలాలి. జబ్బ విషయంలో కొల్లాజెన్ మాటే చెల్లుతుంది. కండ ఎలాగూ నీరు కోల్పోతుంది, కానీ కరిగిన జిలాటిన్, కొవ్వు కలిసి పోగులకు పూత పట్టి, తినేటప్పుడు మాంసం రసంగానే ఉందనిపిస్తాయి. పశువు వయసు పెరిగేకొద్దీ కొల్లాజెన్ తాళ్ల మధ్య అడ్డబంధాలు బిగుస్తాయి. ముదురు ఏట మాంసం ఇంటికొచ్చిన రోజున వంటింట్లోంచి వినిపించే తిట్లన్నీ నిజానికి ఆ అడ్డబంధాలకే చెందాలి.

మూత లేని గిన్నెలో ఎంత మంట పెట్టినా నీటి వేడి 100 డిగ్రీలు దాటదు. మంట పెంచితే ఆవిరి పెరుగుతుంది తప్ప వేడి పెరగదు. ఎత్తుకు పోతే ఆ 100 కూడా ఉండదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అక్కడి బొంగులో చికెన్‌ది కూడా అదే కథ. వెదురు బొంగు మూతికి ఆకులు కుక్కినా ఆవిరి బిగుసుకోదు, లోపల తడి ఉన్నంతసేపూ మాంసం ఆ 97ను దాటదు. లేత కోడికి అది ధారాళంగా సరిపోతుంది. పంది జబ్బను బొంగులో పెడితే మాత్రం ముక్క ఉడికేలోపు బొంగే కాలిపోతుంది.

కుక్కర్ ఆవిరిని బిగించి ఈ హద్దును పైకి జరుపుతుంది. ఇళ్లలో వాడే కుక్కర్ బయటి గాలి పీడనానికి పైన చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో అదనపు పీడనాన్ని నిలుపుతుంది. అంటే లోపలి పీడనం బయటికి రెట్టింపు. అప్పుడు నీరు మరిగేది 120 డిగ్రీల దగ్గర. ఇంత పీడనాన్ని అదుపులో పెట్టేది మూత మీది చిన్న వెయిట్. ఆవిరి రంధ్రం వ్యాసం 3 మిల్లీమీటర్లు అనుకుంటే దాని వైశాల్యం 0.07 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరుకు కిలో చొప్పున తోసే ఆవిరి అంత చిన్న రంధ్రంలోంచి ఎత్తగలిగేది 70 గ్రాములు మాత్రమే. వెయిట్ అరచేతిలో ఇమిడేంత ఉండటానికి కారణం అదే. వేరే కుక్కర్ వెయిట్ తెచ్చి పెట్టకూడదనడానికీ అదే కారణం. రంధ్రం వెడల్పు మారితే లెక్కంతా మారిపోతుంది.

ఈ కిటుకును 1679లో లండన్‌లో రాయల్ సొసైటీ ముందు చూపించినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనీ పాపాఁ. ఎముకలను సైతం మెత్తబరిచే పాత్రగా దాన్ని పరిచయం చేశాడు. పీడనం మితిమీరితే తెరుచుకునే సేఫ్టీ వాల్వ్ కూడా ఆయన ఆలోచనే.

రసాయన చర్యల వేగం ప్రతి 10 డిగ్రీలకూ ఇంచుమించు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. 100 నుంచి 120కి చేరితే నాలుగింతలు. తెరిచిన గిన్నెలో మూడు నాలుగు గంటలు పట్టే జబ్బ కుక్కర్‌లో ముప్పావు గంట నుంచి గంటలో ఉడకడం ఈ లెక్కకు దగ్గరగానే ఉంది. అయితే ఇంటింటా ఈ లెక్కను కూతల్లోకి మార్చేస్తారు. కూత కాలానికి కొలత కాదు. మంట ఎక్కువైతే కూతలు గబగబా వస్తాయి, లోపలి వేడి మాత్రం ఆ 120 దగ్గరే ఉంటుంది. పక్కింటి ‘ఎనిమిది కూతలు’ పక్కింటి పొయ్యికి, పక్కింటి కుక్కర్‌కే పనికొస్తాయి. మొదటి కూత రాగానే మంట సిమ్‌లో పెట్టి, ఆ తర్వాత గడియారం చూసుకోవడమే నిక్కచ్చి పద్ధతి.

ఇక పులుపు. ఎర్ర గోంగూర మొక్కకు పువ్వు రాలాక కాయను చుట్టుకుని ఎర్రటి, కండపట్టిన రక్షక పత్రాలు పెరుగుతాయి. శాస్త్రీయంగా ఈ మొక్క హైబిస్కస్ సబ్దరిఫా. అమెరికాలో దీనికి ‘ఫ్లోరిడా క్రాన్‌బెర్రీ’ అనే పేరుంది. క్రాన్‌బెర్రీ చలి ప్రాంతాల పంట కావడంతో, వెచ్చటి ఫ్లోరిడాలో ఈ రక్షక పత్రాలతోనే అలాంటి సాస్ కాచుకునేవారు. రెండింటి ఎరుపూ ఆంథోసయనిన్ అనే ఒకే కుటుంబపు రంగు వల్లే వచ్చింది. అంటే క్రాన్‌బెర్రీ బదులు గోంగూర వాడటం ఉత్తరాంధ్ర సర్దుబాటు కాదు, ఆ సర్దుబాటు అమెరికావాళ్లే ముందు చేసుకున్నారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగు కూరకు ఎంతో నారకూ అంతే. ఆంధ్రప్రదేశ్‌లో గోగు నార పంటకు ఈ మెట్ట నేలలే ప్రధాన స్థానం. ఆమదాలవలసలోని వ్యవసాయ పరిశోధన స్థానం గోగు వంగడాల మీద పనిచేసింది, నెల్లిమర్ల, బొబ్బిలి వంటి ఊళ్లు జనపనార మిల్లులకు పేరుపడ్డాయి. పగలు కురచయ్యే రోజులు వస్తేనే ఈ మొక్క పూతకొస్తుంది. నారకు వేసిన చేను పూత దశలోనే కోతకొస్తుంది. పెరట్లో నాలుగు మొక్కలు వదిలేస్తే శీతాకాలంలో కొమ్మల నిండా ఎర్ర కాయలు కనిపిస్తాయి.

అదే పులుపు పప్పు మీద ఒకలా, మాంసం మీద మరోలా పనిచేస్తుంది. పప్పులో ముందుగా చింతపండు పులుసు పోస్తే ఎన్ని కూతలకీ బద్ద మెదగదు. గింజ గోడల్లోని పెక్టిన్ ఆ పులుపులో గట్టిగా నిలబడుతుంది కాబట్టి. మాంసం ప్రొటీన్లు ఇందుకు ఎదురు. పచ్చి మాంసం పీహెచ్ సుమారు 5.5, అంటే ప్రొటీన్లు నీటిని అతి తక్కువగా పట్టి ఉంచే స్థితికి దగ్గర. పులుపు చేరి పీహెచ్ ఇంకా దిగితే ప్రొటీన్లన్నీ ఒకే రకం విద్యుదావేశం పొంది ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, ఆ సందుల్లో నీరు నిలుస్తుంది. కొల్లాజెన్ కూడా ఆమ్లంలో ఉబ్బి త్వరగా కరుగుతుంది. అయితే పెద్ద ముక్కలో పులుపు పైపొర దాటి లోతుకు పోలేదు. రాత్రంతా ఊరబెడితే ముక్క లోపలి దాకా మెత్తబడుతుందనేది వట్టి నమ్మకమే.

పచ్చడి మొత్తం మొదటే కుక్కర్‌లో వేయడం తప్పు. చిక్కటి ముద్ద అడుగుకు చేరితే అక్కడ నీరు తిరగదు, మూత బిగించాక కలపడానికీ వీలుండదు, మాడుతుంది. చక్కెర నిండిన క్రాన్‌బెర్రీ సాస్ అయితే ఇంకా తొందరగా మాడుతుంది. పైగా ఆకు రుచిలోని సున్నితమైన వాసనలు 120 డిగ్రీల దగ్గర అంతసేపు నిలవవు. నాలుగో వంతు పచ్చడిని నీళ్లలో పలుచగా కలిపి ముందు పోసి, మిగతాది మాంసం విడదీశాక కలపడం మేలు. గోంగూర ఉడికితే ఆకుపచ్చ పోయి గోధుమరంగుకు తిరగడం కూడా ఆమ్లం చలవే. పత్రహరితం మధ్యలో ఉండే మెగ్నీషియాన్ని అది ఊడగొడుతుంది.

పాత్ర సంగతి కూడా చూసుకోవాలి. అల్యూమినియం కుక్కర్‌లో గోంగూర వండాక లోపలి నల్లటి చారలు పోయి తళతళలాడుతుంది. తోమే పని తప్పిందని సంబరపడతారు గానీ, పోయిన ఆ పొర కూరలోనే ఉంది. మోతాదు కొంచెమే అయినా పుల్లటి వంటకు స్టీలు కుక్కరే మంచిది.

కిలో ఎముక లేని జబ్బను కూరముక్కల్లా చిన్నగా కోయకూడదు. నాలుగు పెద్ద ముక్కలు చాలు. చిన్నవైతే పోగులు పొట్టివై, నారలా విడాల్సింది రజనుగా రాలుతుంది. కొవ్వు ఉన్న వైపు కిందికి పెట్టి, కుక్కర్‌లోనే అయిదారు నిమిషాలు ఎర్రబడేదాకా వేయించాలి. ఉల్లిపాయ, అల్లం వెల్లుల్లి ముద్ద వేగాక ఆ నాలుగో వంతు పచ్చడి కలిపిన గ్లాసు నీళ్లు పోసి, అడుగున అంటిన గోధుమరంగు పొరను గరిటెతో గీరి కలపాలి. గ్లాసుకు మించి అక్కర్లేదు, కిలో మాంసం నుంచి నీరు బోలెడు ఊరుతుంది. మొదటి కూత తర్వాత సిమ్‌లో 45 నుంచి 55 నిమిషాలు. పచ్చడిలో ఉప్పు ఉంటుంది కాబట్టి ఉప్పు చివర్లో రుచి చూసే వేయాలి.

పొయ్యి ఆపాక వెయిట్ ఎత్తేయడం చాలామందికి అలవాటు. ఈ వంటకు అది చేటు. పీడనం ఒక్కసారిగా పడిపోతే 120 డిగ్రీల్లో ఉన్న ముక్క లోపలి నీరు ఆ క్షణంలోనే భళ్లున మరిగి ఆవిరై పోతుంది, పోగులు పొడిబారతాయి. పావుగంట కదపకుండా వదిలితే పీడనం దానంతటదే దిగుతుంది. అప్పుడు రెండు ఫోర్కులతో గానీ, చల్లారాక వేళ్లతో గానీ పోగుల వెంబడి లాగాలి. నార వచ్చినట్టు వస్తే సరిగ్గా ఉడికినట్టు. పట్టుపడితే మరో పది నిమిషాలు కావాలి.

మూత బిగించిన కుక్కర్ ఇవ్వలేనిది వేపుడు రుచి. ప్రొటీన్లు, చక్కెరలు కలిసి ఎర్రబడే మైలార్డ్ చర్య జోరందుకోవడానికి 140 డిగ్రీల దాకా వేడి, పొడి ఉపరితలం కావాలి, కుక్కర్ లోపల రెండూ ఉండవు. అందుకే విడదీసిన పోగులను ఇనప మూకుట్లో, పైకి తేలిన పంది కొవ్వుతోనే పెద్ద మంట మీద అంచులు కరకరలాడేదాకా వేయించి, చిక్కబరిచిన రసం, మిగిలిన గోంగూర పచ్చడి అప్పుడు కలపాలి. కొవ్వు మాంసానికి పులుపు జోడీ చాలాచోట్ల ఉంది. కొడగు పంది కూరలో కాచంపుళి అనే పులుపు, గోవా విందాలూలో వెనిగర్, అమెరికాలోని కరోలినాల్లో వెనిగర్ కారం. పులుపు నోట్లో లాలాజలం ఊరించి కొవ్వు జిడ్డును కడిగేస్తుంది. తీపి క్రాన్‌బెర్రీ ఈ పనిని సగమే చేయగలదు.

ఉత్తరాంధ్రలో పంది మాంసం అన్ని ఇళ్లలో వండేది కాదు, ఏజెన్సీలోని సవర గూడేల్లో మాత్రం దానికి పండగ చోటుంది. తినని ఇళ్లలో ఇదే పద్ధతి ఏట జబ్బకు సరిపోతుంది, ముదురును బట్టి అరగంట నుంచి ముప్పావు గంట.

ఊళ్లో తిరిగే పందుల మాంసంతో ఒక ముప్పు ఉంది. కండలో బద్దెపురుగు పిల్లదశ తిత్తులు ఉండవచ్చు. సరిగ్గా ఉడకని ముక్క తింటే పేగుల్లో పురుగు పెరుగుతుంది. దాని గుడ్లు కలుషితమైన తిండి, నీటి ద్వారా కడుపులోకి పోతే మెదడులో తిత్తులు కట్టి మూర్ఛలు తెప్పిస్తాయి. కుక్కర్‌లో ముప్పావు గంట ఉడికిన ముక్కలో ఆ తిత్తులు బతకవు. పచ్చి మాంసం కోసిన కత్తి, పలక, చేతులు మాత్రం వెంటనే కడగాల్సిందే.

మిగిలిన కూరను కుక్కర్‌లోనే రాత్రంతా వదలకూడదు. మందపాటి పాత్రలో నెమ్మదిగా చల్లారేటప్పుడు సూక్ష్మజీవులకు అనువైన గోరువెచ్చదనం గంటల తరబడి నిలుస్తుంది. వెడల్పు గిన్నెల్లోకి పలుచగా సర్ది, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్‌లో విడిగా తీసి ఉంచిన రసం జున్నులా గడ్డకడితే కొల్లాజెన్ దండిగా కరిగిందని లెక్క. పలుచగానే ఉంటే నీళ్లు ఎక్కువ పోసి ఉంటారు, లేదా కూతలు లెక్కపెట్టి పొయ్యి ముందే ఆపేసి ఉంటారు.