సాంబమసూరికి దూరపు చుట్టము

మధ్యాహ్నపు గంట మ్రోగగనే మనమందఱము అన్నపు డబ్బాలు విప్పుదుము. హిమాయత్‌నగర్, నారాయణగూడ, చిక్కడపల్లి ప్రాంతముల యిండ్లలో సాంబమసూరి బియ్యము పేరు విననివా రరుదు. రైతులు దీనినే బి.పి.టి. 5204 అందురు. ఈ యన్నము మన పళ్లెమునకు నిలిచిన విధమును తెలిసికొందము.

ఈ వంగడము బాపట్ల వ్యవసాయ పరిశోధనాస్థానమున రూపొంది, 1986వ సంవత్సరమున విడుదలయ్యెను. దీని పూర్వులు ఒక్క దేశమువారు కారు. జి.ఇ.బి. 24 అనునది కోయంబత్తూరున నేర్పఱచిన సన్నరకము. తైచుంగ్ నేటివ్ 1 తైవాను దేశపు పొట్టివరి. మసూరి మలయాదేశమున పేరుగాంచినది. ఇట్లు మూడు రకముల కలయికచే నీ మంచి బియ్యము లభించెను.

ఐనను దీనికొక లోపము కలదు. ఎండాకు తెగులును ఇది తట్టుకొనలేదు. కంటికి కానరాని సూక్ష్మజీవి ఆకులోని నీటినాళములలో చేరి పెరుగును. ఆకు కొననుండి పసుపువన్నెకు తిరిగి ఎండిపోవును. గింజకు పాలు చాలక తాలు మిగులును. మందులు చల్లినను ఈ తెగులు సులభముగా లొంగదు. ఊరంతయు నొకే వంగడము నాటినచో అపాయము మఱింత హెచ్చు. ఏలయన ఒక మొక్క లోపమే అన్ని మొక్కల లోపమగును.

దీనికి నివారణ మన నగరముననే సిద్ధమయ్యెను. రాజేంద్రనగరమునందలి వరి పరిశోధన సంస్థవారును, ఉప్పల్ రోడ్డునందలి సి.సి.ఎం.బి.వారును కలిసి, తెగులు నోర్చు జన్యువులు మూడింటిని సాంబమసూరిలోనికి తెచ్చిరి. అందొకటియగు ఎక్స్‌ఏ 21, ఆఫ్రికా ఖండమున మాలిదేశపు అడవివరినుండి వచ్చినది. గింజ రాలిపోవు ఆ గడ్డిని ఏ రైతును కోరి నాటడు!

వారి పద్ధతి యిట్టిది. ఈ జన్యువులు గల వరితో సాంబమసూరిని సంకరము చేసినచో, సంతానమున సగము పరాయి గుణములుండును. ఆ సంతానమును మరల సాంబమసూరితోనే కలిపినచో పరాయిభాగము నాలుగవ వంతగును. ఇట్లు నాలుగు మారులు చేయగా, సగటున ముప్పదిరెండింట నొక వంతే మిగులును. ప్రతి తరమునను లేతమొక్కల ఆకునుండి డి.ఎన్.ఏ. తీసి పరీక్షించి, కావలసిన జన్యువులున్న మొక్కలనే యుంచిరి. తక్కిన రెండు జన్యువులు తలిదండ్రు లిరువురినుండియు వచ్చిననే గాని తమ ప్రభావమును చూపవు. కావున ఇట్టి పరీక్ష లేనిచో వాని జాడ తెలియుట కష్టము. ఈ మెఱుగైన సాంబమసూరి 2008లో విడుదలయ్యెను. రుచియు సన్నదనమును పూర్వమువలెనే యుండెను. తెగులు నోర్చు శక్తి మాత్రము కొత్తగా చేరెను.

ఇందుండి మనము గ్రహింపవలసిన దేమి? నేడు పనికిరానిదని పాఱవేసిన విత్తనమే రేపు మన పంటను కాపాడవచ్చును. అది నశించిన పిమ్మట ఎంతటి శాస్త్రజ్ఞుడును దానిని తిరిగి సృజింపజాలడు. అందువలననే ఫిలిప్పీన్సు దేశమునందలి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1,30,000లకు పైగా వరి విత్తనపు నమూనాలను శీతలగృహములలో భద్రపఱచుచున్నది.

మనకును ఈ కార్యమున కొంత పాలు కలదు. సెలవులకు స్వగ్రామమునకు పోయినప్పుడు, తాతలును అమ్మమ్మలును తమ చిన్ననాట తిన్న వడ్ల పేర్లేవియో అడిగి వ్రాసికొనుడు. ఆ విత్తనము ఇంకను ఎవరి గాదెలోనైన నున్నదేమో విచారింపుడు. పిడికెడు గింజలైనను దొరకినచో, వాని విలువ ఇంతింత యని చెప్పరాదు.