బుల్లెట్ ఇంజనులో వాల్వుల యంత్రాంగం: రాకర్ బేరింగు ఎంపిక

1. ప్రవేశిక

విశాఖపట్నం, రాజమహేంద్రవరాల నడుమ 16వ నంబరు జాతీయ రహదారిపై ఉన్న తుని వంటి పట్టణాల మెకానిక్ షెడ్లలో ‘టాపెట్లు సెట్ చేయడం’ అనే మాట వాడుకలో ఉంది. టాపెట్ నిజానికి ఒక చిన్న భాగం. వాడుకలో ఆ పేరు వాల్వులను తెరిచి మూసే యంత్రాంగానికంతటికీ వర్తిస్తున్నది. ఇంజను వేగం పెంచదలచినవారు ఈ యంత్రాంగంలో ఏ భాగాన్ని ఏ క్రమంలో ఎంచుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది. 1955లో మద్రాసులో కూర్పు మొదలైన ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ పాత ఇంజను ఇందుకు ఉదాహరణ.

2. పనితీరు

క్యామ్ తిరిగినప్పుడు టాపెట్ లేచి పుష్‌రాడ్‌ను నెడుతుంది. పుష్‌రాడ్ రాకర్ ఒక కొనను ఎత్తగా, రెండవ కొన వాల్వును నొక్కి తెరుస్తుంది. మూయడం స్ప్రింగు పని. ఇంజను నిమిషానికి 4800 సార్లు తిరిగితే ఒక్కో వాల్వు సెకనుకు 40 సార్లు తెరుచుకుంటుంది. కదిలే భాగాల జడత్వ బలం వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. వేగం 4000 నుండి 4800కు, అంటే 20 శాతం పెరిగితే, ఆ బలం 44 శాతం పెరుగుతుంది. స్ప్రింగు దానికి చాలకపోతే వాల్వు ఆలస్యంగా మూతపడి పిస్టనుకు తగలవచ్చు.

3. రెండు రకాల బేరింగులు

పాత బుల్లెట్‌లో రాకర్ సాదా బేరింగులో తిరుగుతుంది. దాని ఉపరితలం విశాలం కనుక ఆఘాతాన్ని ఓర్చుకుంటుంది. అయితే నూనె పొర తెగరాదు. సూది రోలర్ల బేరింగులో ఘర్షణ తక్కువ, నూనె అవసరమూ తక్కువే. కానీ అది విరిగితే సూదులు ఇంజనులోకి జారి ఇతర భాగాలను పాడుచేస్తాయి. పైగా కీలు వద్ద ఘర్షణ తగ్గినంత మాత్రాన వాల్వు సకాలంలో మూతపడదు. అందుకు వాల్వు వైపు బరువు తగ్గాలి, లేదా స్ప్రింగు బలం పెరగాలి.

4. ఎంపిక క్రమం

మొదట క్యామ్‌ను నిర్ణయించాలి. దానికి తగిన స్ప్రింగును తరువాత ఎంచుకోవాలి. వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనరాదు. స్ప్రింగు మరీ బిగువైతే క్యామ్, టాపెట్ త్వరగా అరుగుతాయి. ఆ భారానికి వంగని పుష్‌రాడ్ కావాలి. ఆపై రాకర్ నిష్పత్తిని చూడాలి: క్యామ్ ఎత్తు 6 మి.మీ., నిష్పత్తి 1.5 అయితే వాల్వు 9 మి.మీ. తెరుచుకుంటుంది. అప్పుడు వాల్వుకూ పిస్టనుకూ మధ్య ఖాళీని తిరిగి కొలవాలి. బేరింగు నిర్ణయం చివరిది.

5. ముగింపు

బేరింగు కొనడానికి ముందు రెండు పరీక్షలు చాలా అవసరం. రాకర్లకు నూనె అందించే బయటి గొట్టం పూడిపోలేదని చూడాలి. ఇంజను చల్లగా, వాల్వులు మూసి ఉన్నప్పుడు పుష్‌రాడ్ వేళ్లతో తేలికగా తిరగాలి. పైకీ కిందికీ ఆడరాదు. ఈ రెండూ సరిగా లేని ఇంజనుకు ఖరీదైన బేరింగు రక్షణ కాదు.