గ్లాస్ స్ప్రే పెయింటింగ్: ఇంట్లోనే డెకరేటివ్ అద్దం.. రంగు ఎటువైపు వేయాలి? స్టవ్ దగ్గర ఈ తప్పు అస్సలు చేయొద్దు!

పూజ గది తలుపుకు కమలం డిజైన్, బాత్రూమ్ కిటికీకి పాల రంగు గ్లాస్, కిచెన్ గోడకు మెరిసే రంగు అద్దం.. ఒక స్ప్రే డబ్బా కొంటే ఇవన్నీ మనమే చేసుకోవచ్చు కదా అని చాలామంది అనుకుంటారు. చేసుకోవచ్చు. కానీ కొన్ని జాగ్రత్తలు తీసుకోకపోతే రంగు పొరలుగా ఊడిపోతుంది. ఇంకొన్ని మర్చిపోతే ఏకంగా ప్రాణాల మీదకే వస్తుంది. అవేంటో చూద్దాం.

రంగు వెనక వైపే!

మనం తాకేది, తుడిచేది ముందు వైపు. అందుకే రంగు అద్దం వెనక వేస్తారు. అప్పుడు గాజే రంగును కాపాడుతుంది. అయితే ఇక్కడ వరుస తిరగబడుతుంది. పైకి కనిపించాల్సిన గీతలు, పువ్వులు ముందు వేయాలి. బ్యాక్‌గ్రౌండ్ రంగు చివర్లో వేయాలి. తంజావూరు గాజు పటాలు కూడా ఇలా వెనక నుంచి గీసినవే. 'ఓం' లాంటి అక్షరాలుంటే తిరగేసి వేయడం మర్చిపోవద్దు. మామూలు గాజులో లేత ఆకుపచ్చ ఛాయ ఉంటుంది కాబట్టి తెల్ల రంగు కాస్త పచ్చగా కనిపిస్తుంది.

ఎందుకు ఊడిపోతుంది?

గోడ రంగును పీల్చుకుంటుంది. గాజు పీల్చుకోదు. పైగా వేలిముద్రల జిడ్డు ఉంటే రంగు అసలు పట్టదు. ముందు గిన్నెల సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. ఆపై అంచులు పట్టుకునే ఎత్తాలి. గాజుకు పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉందో లేదో చూడాలి. ప్రైమర్ వాడితే రంగు లేనిదే వాడాలి. గ్రే ప్రైమర్ వేస్తే ముందు నుంచి అదే కనిపిస్తుంది.

స్ప్రే ఇలా చేయాలి

డబ్బాను ఒకట్రెండు నిమిషాలు బాగా ఊపాలి. 20 నుంచి 30 సెం.మీ. దూరంలో పట్టుకుని, అద్దం అంచు బయట మొదలుపెట్టి అవతలి అంచు దాటాక ఆపాలి. ఒకేసారి మందంగా కొడితే రంగు కారుతుంది. పల్చగా 3, 4 కోట్లు వేయాలి. మధ్యలో డబ్బాపై చెప్పినంత సేపు ఆగాలి. స్టెన్సిల్‌ను రంగు పూర్తిగా ఆరకముందే మెల్లగా తీస్తే అంచులు చిరగవు. వాన ముసురులో వేస్తే తేమ పట్టి తెల్లటి మసక వస్తుంది.

అసలు డేంజర్ ఇదే

చాలా స్ప్రే డబ్బాల్లో రంగును బయటకు నెట్టేది ఎల్‌పీజీ లాంటి మండే గ్యాసే. అది గాలి కంటే బరువు. తలుపులు మూసిన గదిలో నేల దగ్గర పేరుకుంటుంది. స్టవ్, దీపం, అగరబత్తి.. ఏదైనా అంటుకోవచ్చు. అందుకే డాబా మీదో, బాల్కనీలోనో చేయాలి. సర్జికల్ మాస్క్, కర్చీఫ్ ఈ రసాయన ఆవిరిని ఆపలేవు. పెయింట్ ఆవిరికి పనికొచ్చే కార్ట్‌రిడ్జ్ మాస్క్ కావాలి. పిల్లలు, గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు దూరంగా ఉండాలి. డబ్బాను ఎండలో, కారులో వదిలేయొద్దు. ఖాళీ అయినా చెత్తతో కాల్చొద్దు.

స్టవ్ వెనక గోడకైతే..

ఇక్కడ ఇంట్లో చేసిన అద్దం వద్దు. ఒక చోట వేడి, పక్కన చల్లదనం ఉంటే మామూలు గాజు పగులుతుంది. టఫెన్డ్ గ్లాసే పెట్టాలి. దాన్ని తయారయ్యాక కోయలేరు, రంధ్రాలు వేయలేరు. అందుకే స్విచ్ బోర్డు కొలతలతో సహా ముందే ఇచ్చి, రంగు కూడా అక్కడే వేయించుకోవడం మంచిది. బిగించేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, రంగు పాడవుతుంది. న్యూట్రల్ సిలికాన్ అని అడగాలి.

చివరిగా ఒక చిన్న టెస్ట్. అద్దాల షాపులో మిగిలిన ముక్క అడిగి ముందు దాని మీద వేయండి. వారం తర్వాత సెల్లో టేప్ గట్టిగా అంటించి లాగండి. టేప్‌తో పాటు రంగు వచ్చేస్తే శుభ్రం చేయడంలోనో, పెయింట్‌లోనో తేడా ఉన్నట్టే. ఏమీ రాకపోతే.. ఇక పెద్ద అద్దం మీద మొదలుపెట్టొచ్చు!